ఆటపెట్టెకు ఇంటివైద్యము



మన ఇండ్లలో ఒక వస్తువు చెడినప్పుడు దానికి మూడు గతులు కలవు. అటక యెక్కుట యొకటి. పాత సామానులు కొనువాని బండిలో చేరుట రెండవది. ఇంటిలో ఎవరో యొకరు ధైర్యము చేసి, దానిని విప్పి, లోపల ఏమి జరిగినదో చూచుట మూడవది. ఈ మూడవ గతిని గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని. నేను తీసికొన్న వస్తువు గడియారము గాదు, కుట్టుమిషను గాదు. పిల్లలు టెలివిజనునకు తగిలించి ఆడుకొను వీడియో గేము పెట్టె.

ఇదియు నొక చరిత్రయేనా అని మీలో కొందరు నవ్వవచ్చును. రాజుల చరిత్ర యుద్ధములలో తెలియును. యంత్రముల చరిత్ర వాని జబ్బులలో తెలియును. ఏ యంత్రము ఏ చోట చెడెను, దానిని ఎవరు బాగుచేసిరి, బాగుచేయబోయిన వారిని ఎవరు ఆపిరి అని విచారించినచో, చేసినవాడు, అమ్మినవాడు, కొన్నవాడు అను మువ్వురి నడుమ జరిగిన వ్యవహారమంతయు బయటపడును. ఆటపెట్టెకు వయస్సు అర్ధశతాబ్దికి కొంచెము మించినది మాత్రమే. ఆ కొద్దికాలములోనే, తెరచి చూడదగిన ఒక పెట్టె ఎట్లు క్రమముగా మూతపడెనో మనము చూడవచ్చును.

ఈ కథకు మూలపురుషుడు రేడియోలు బాగుచేసినవాడు. రేడియోలో మాటలాడుచు ఈ సంగతి చెప్పుట నాకు మిక్కిలి సంతోషముగా నున్నది. ఆయన పేరు రాల్ఫ్ బేర్. 1922లో జర్మనీదేశమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. యూదుడను కారణముచేతనే చిన్ననాడు బడినుండి వెడలగొట్టబడెను. 1938లో కుటుంబముతో కూడ అమెరికా చేరెను. అక్కడ ఒక కర్మాగారమున కూలికి పనిచేయుచుండగా, రేడియో మరమ్మతు నేర్పుదుమను ప్రకటన యొకటి ఆయన కంటబడెను. టపా ద్వారా పాఠములు తెప్పించుకొని చదివి, 1940లో పట్టా పొంది, న్యూయార్కు నగరమున రేడియో మరమ్మతు దుకాణములు నడపెను. తరువాత సైన్యమున చేరెను. యుద్ధము ముగిసిన పిదప టెలివిజను ఇంజనీరింగు చదివి 1949లో పట్టభద్రుడయ్యెను.

1966లో ఆయన న్యూహాంప్‌షైరు రాష్ట్రమున, సైన్యమునకు పరికరములు చేయు శాండర్స్ అసోసియేట్స్ అను సంస్థలో పనిచేయుచుండెను. అమెరికాలో ఇంటింట టెలివిజను ఉన్నది. వచ్చిన దానిని చూచుట తప్ప దానితో మరియొక పని చేయలేమా అను ప్రశ్న ఆయనను విడువలేదు. బిల్ హారిసన్, బిల్ రష్ అను ఇద్దరి సహాయముతో కొన్ని నమూనాలు చేసి, చివరి దానికి చెక్కరంగు కాగితమంటించెను. అందుచేత దానికి గోధుమరంగు పెట్టె అని పేరు వచ్చెను. ఆ నమూనాను ఆధారము చేసికొని మాగ్నవాక్స్ సంస్థ 1972లో ఒడిస్సీ అను పేర ఒక ఆటపెట్టెను అమ్మకమునకు పెట్టెను. ఇండ్లలో ఆడుకొనుటకు అమ్మబడిన మొదటి వీడియో గేము పెట్టె అదియే.

ఆ పెట్టెలో నేడు మనము చిప్పు అని పిలుచు వస్తువు ఒక్కటియు లేదు. సుమారు 40 ట్రాన్సిస్టరులు, 40 డయోడులు, వానికి తగిన కండెన్సరులు, రెసిస్టరులు మాత్రమే గలవు. చిన్న చిన్న పలకలు ఒక పెద్ద పలకమీద గ్రుచ్చబడి యుండెను. తెరమీద రెండు మూడు తెల్లని చుక్కలు, ఒక గీత తప్ప వేరేమియు కనబడవు. ఆటస్థలము బొమ్మ గలిగిన పారదర్శకమగు రేకును టెలివిజను అద్దమునకు అంటించుకొని ఆడుకొనెడివారు. నేడు చూచినచో అది చాల పేద యంత్రము. కాని రేడియో బాగుచేయ నేర్చినవానికి దానిలో తెలియనిది ఏదియు లేదు. ఏ చుక్క కనబడకున్నదో చూచి, ఆ చుక్కను పుట్టించు పలకను వెదకి, పోయిన ట్రాన్సిస్టరును తీసి మరియొకటి అతికించినచో పని ముగిసినట్లే. రేడియో మెకానిక్కు చేసిన పెట్టె కనుక రేడియో మెకానిక్కు చేతికి లొంగెను.

అదే 1972లో మరియొక ముచ్చట జరిగెను. కాలిఫోర్నియాలోని సన్నీవేల్ అను ఊర ఒక మద్యశాలలో అటారీ సంస్థవారు పాంగ్ అను ఆటయంత్రమును పెట్టిరి. ఇది ఇంటి పెట్టె గాదు. నాణెము వేసిన వారికి ఆడును. కొంతకాలమునకు యంత్రము చెడినదని కబురు వచ్చెను. దానిని నిర్మించిన ఆలన్ ఆల్కార్న్ అను ఇంజనీరు పనిముట్లతో వెళ్లి తెరచి చూచెను. లోపల తీగలన్నియు చక్కగానే యున్నవి. నాణెములు పడు డబ్బా నిండిపోయి పొంగినది. క్రొత్త నాణెము దిగుటకు చోటు లేదు! వీడియో గేముల చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన మరమ్మతు ఇదియే. ఇందులో ఒక నీతి కలదు. జబ్బు లోపలనే ఉండవలెనను నియమము లేదు. ముందు వెలుపల చూడవలెను.

తరువాత మూడు సంవత్సరములకే కథ మలుపు తిరిగెను. 1975లో అటారీవారు పాంగ్ ఆటను ఇండ్లకు తెచ్చినప్పుడు, అనేక భాగములు చేయవలసిన పనినంతయు ఒక్క చిప్పులో ఇమిడ్చిరి. ధర తగ్గెను, పెట్టె చిన్నదయ్యెను. కాని అంతవరకు వంద చోట్ల చూడదగిన యంత్రమునకు ఇప్పుడు ఒకే చోటు మిగిలెను. ఆ చిప్పు పోయినచో క్రొత్త చిప్పు వేయవలసినదే. దానిలోపల ఏమి జరిగినదో ఇంటిలో కూర్చుండి తెలిసికొను మార్గము లేదు. ఇది ఎవరి కుట్రయు గాదు. చౌకదనమునకును చిన్నదనమునకును మనము చెల్లించిన మూల్యము.

1976లో ఫెయిర్‌చైల్డ్ సంస్థ చేసిన చానెల్ ఎఫ్ అను పెట్టెతో మరియొక మార్పు వచ్చెను. ఆట పెట్టెలోనే నిలిచియుండక, విడిగా ఒక చిన్న డబ్బాలో వచ్చెను. డబ్బా మార్చినచో ఆట మారును. మనవారు దీనినే క్యాసెట్టు అని పిలిచిరి. ఈ పనికి నాయకత్వము వహించిన జెర్రీ లాసన్ న్యూయార్కున పుట్టిన నల్లజాతి ఇంజనీరు. ఆయనయు బాల్యమున ఇరుగుపొరుగువారి టెలివిజనులు బాగుచేసి డబ్బు సంపాదించినవాడే. బేర్ రేడియోలు విప్పెను. లాసన్ టెలివిజనులు విప్పెను. ఇతరుల పెట్టెలు విప్పి చూచిన చేతులే క్రొత్త పెట్టెలను కట్టినవి. ఈ మాటను దయచేసి జ్ఞాపకమందుంచుకొనుడు. చివర మరల దీనికి వచ్చెదను.

క్యాసెట్టుతో పాటు ఒక క్రొత్త జబ్బు పుట్టెను. క్యాసెట్టు దూరు చోట వరుసగా లోహపు పండ్లు ఉండును. అక్కడ దుమ్ము చేరును, చిలుము పట్టును, పండ్లు వదులగును. ఈ జబ్బు చరిత్రలో నిలిచిపోయినది నింటెండో పెట్టెవలన. జపానుదేశమున 1983 జూలైలో నింటెండో సంస్థ ఫామికామ్ అను పెట్టెను విడుదల చేసెను. దానికి రూపకల్పన చేసినవాడు మసయుకి ఉయెమురా. దానిలో క్యాసెట్టును పైనుండి నిలువుగా గ్రుచ్చవలెను, పండ్లు 60. అది బలమైన ఏర్పాటు. కాని అమెరికాలో అదే సంవత్సరమున వీడియో గేముల వ్యాపారము కుప్పకూలెను. ఆటపెట్టె అన్నచో దుకాణదారులు మొగము త్రిప్పుకొనుచుండిరి. అందువలన 1985లో న్యూయార్కున అమ్మకమునకు పెట్టినప్పుడు నింటెండోవారు పెట్టె రూపమును మార్చి వీసీఆరు వలె చేసిరి. క్యాసెట్టును ముందునుండి అడ్డముగా త్రోసి క్రిందికి నొక్కవలెను, పండ్లు 72. చూచుటకు ముచ్చటగా నుండెను. నొక్కినప్పుడెల్ల పండ్లు వంగుటచేత కొన్నాళ్లకు వానికి బిగువు తప్పెను.

ఇంకొక చిక్కు కూడ కలదు. నింటెండోవారి అనుమతి లేని క్యాసెట్టులు ఆడకుండుటకై పెట్టెలో నొకటి, క్యాసెట్టులో నొకటి కాపలా చిప్పులుండెను. అవి రెండును ఎడతెగక సంకేతములు మార్చుకొనవలెను. పండ్లు సరిగా తగులక ఆ సంభాషణ తప్పెనా, పెట్టెలోని కాపలావాడు క్షణమున కొకసారి యంత్రమును మొదటికి త్రిప్పును. ఎర్ర దీపము ఆరుచు వెలుగుచు నుండును, తెర మినుకుమినుకుమనును. దొంగను ఆపుటకు పెట్టిన కాపలావాడు ఇంటి యజమానినే వాకిట నిలబెట్టినట్లయ్యెను.

అప్పుడు అమెరికాలోని పిల్లలందరు ఎవరును నేర్పకయే ఒక వైద్యము కనిపెట్టిరి. క్యాసెట్టును తీసి, దాని మూతిలో ఉఫ్ఫని ఊది, మరల పెట్టిరి. తరచుగా పనిచేసెను! వింత యేమనగా, పనిచేసినది ఊపిరి గాదు. తీసి మరల పెట్టుటలో పండ్లు క్రొత్త చోట తగులుటయే అసలు కారణము. ఊపిరిలోని తేమ లోహమునకు చిలుము పట్టించునని, ఊదవలదని నింటెండోవారే హెచ్చరించిరి. సరియైన వైద్యము వేరు: ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో పండ్లను తుడుచుట, వదులైన 72 పండ్ల పట్టీని మార్చుట. మరికొందరు సాహసించి కాపలా చిప్పు నాల్గవ కాలును కత్తిరించిరి. దానితో ఆ కాపలావాడు మౌనము వహించెను. 1993లో నింటెండోవారు అదే పెట్టెను మరల పైనుండి గ్రుచ్చు పద్ధతికి మార్చి, కాపలా చిప్పును తీసివేసిరి. ఇంటింట జరుగుచుండిన శస్త్రచికిత్సను చివరకు సంస్థయే చేసినట్లయ్యెను.

మన దేశమునకు ఈ పెట్టె సొంత రూపమున గాక ఎక్కువగా నకళ్ల రూపమున వచ్చెను. 1990 తరువాతి దశాబ్దిలో పట్టణములలో చౌకగా దొరకిన టీవీ గేములలో అధికభాగము ఫామికామ్ అనుకరణలే. కృష్ణాజిల్లాలోని ఒక చిన్న పట్టణమున మా ఇంటికి కూడ వేసవి సెలవులలో అటువంటిది ఒకటి వచ్చెను. దాని పేరు చెప్పను; పేరు చెప్పుటకు దానిమీద నిలుకడగా ఒక పేరును లేదు. నెల తిరుగకముందే అది పలుకుట మానెను.

మా మేనమామకు ఆ ఊరనే రేడియో మరమ్మతు దుకాణముండెను. పెట్టెను చంకనబెట్టుకొని పరుగెత్తితిని. ఆయన పెట్టెను తాకనైన తాకలేదు. అడాప్టరును గోడకు తగిలించి, దాని కొనను మల్టీమీటరుతో చూచి, "ఒరే, ముందు బయట చూడరా, లోపలి సంగతి తరవాత" అనెను. ముల్లు కదలలేదు. తీగను వ్రేళ్లతో వంచుచు రాగా, పిన్ను దగ్గర లోపల తెగియున్నట్లు తెలిసెను. కోసి, ఒలిచి, టంకము పెట్టి అతికించెను. పది నిమిషముల పని. సన్నీవేల్ మద్యశాలలో ఆల్కార్న్ నేర్చిన నీతియే ఇది. ఆయన పేరు మా మామయ్య ఎన్నడును వినియుండడు.

రెండవసారి తెరమీద బొమ్మలు చెదరి అక్షరములు గజిబిజియయ్యెను. మామయ్య క్యాసెట్టు పండ్లను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, స్పిరిటుతో తుడిచి ఇచ్చెను. పెట్టె మూత కూడ విప్పి నాకు చూపెను. తొమ్మిది వోల్టులను ఐదు చేయు మూడు కాళ్ల రెగ్యులేటరు ఇది, ఈ రేకు దాని వేడిని లాగుకొనునది అని ఒక్కొక్కటి చెప్పుచుండగా, నాకు ఆట కంటె ఆ పలకయే ఎక్కువ ఆటగా తోచెను.

మూడవసారి పెట్టె బల్లమీదినుండి పడెను. మామయ్య చాలసేపు చూచెను. అడాప్టరు బాగున్నది, ఐదు వోల్టులు వచ్చుచున్నవి, టంకములన్నియు మరల కాచెను. ఫలితము లేదు. పలక నడుమ తారు కరగించి వేసినట్లు ఒక నల్లని బొట్టు ఉండెను. ఖర్చు తగ్గించుటకై చిప్పును కాళ్లు లేకుండ నేరుగా పలకకు అతికించి, పైన ఆ బొట్టు వేయుదురు. "ఈ నల్లబొట్టు చూశావా? దీనికి కాళ్లు లేవు, పేరు లేదు. ఎక్కడ నాడి పట్టుకోమంటావురా?" అని మామయ్య సోల్డరింగు కడ్డీని ప్రక్కన బెట్టెను. ఆయన దుకాణములో పాత వాల్వు రేడియోలుండెను. ఏ వాల్వు ఎచ్చట నుండవలెనో తెలుపు కాగితము కొన్నిటి లోపలనే అంటించియుండెను. బాగుచేయువాడు ఒకనాడు వచ్చునని తెలిసి, చేసినవాడు వానికై వ్రాసిపెట్టిన జాబు అది. ఈ నల్లబొట్టు మూసిన తలుపు. ఆ దినమున నేను ఏడ్చినది ఆట పోయినందులకు. మామయ్య చిన్నబోయినది మరియొక కారణమునకని పెద్దయిన తరువాత గాని నాకు తెలియలేదు.

నల్లబొట్టు చౌకదనమువలన మూసిన తలుపు. కావలెనని మూసిన తలుపులు కూడ గలవు. నింటెండోవారు క్యాసెట్టులకు, తరువాతి పెట్టెలకు బజారులో దొరకు స్క్రూడ్రైవరులు పట్టని తలలుగల స్క్రూలు వాడిరి. జనులు ఊరకుండిరా? ప్లాస్టిక్కు పెన్ను కొనను మంటవద్ద మెత్తబరచి, స్క్రూ తలపై నొక్కి పట్టి, చల్లారిన పిదప దానినే స్క్రూడ్రైవరుగా త్రిప్పిరి. కొంతకాలమునకు ఆ తలలకు తగిన పనిముట్లు కూడ అంగళ్లలోనికి వచ్చెను.

క్యాసెట్టులు పోయి పళ్లెములు వచ్చినప్పుడు జబ్బులు కూడ మారెను. 1994 డిసెంబరులో జపానున వెలువడిన సోనీవారి ప్లేస్టేషను తొలి నమూనాలలో, పళ్లెమును చదువు కంటిని మోయు ప్లాస్టిక్కు పట్టాలు అరిగి, కన్ను వాలిపోవుచుండెను. విద్యుత్తును మార్చు భాగము దగ్గరగా నుండుటచేత దాని వేడి ఆ అరుగుదలను హెచ్చించెను. ఆడువారు పెట్టెను ప్రక్కకు నిలబెట్టి, లేదా తలక్రిందులు చేసి ఆడుకొనిరి! తరువాతి నమూనాలలో ఆ కన్నును వేడికి దూరముగా జరిపిరి. 1990లో వచ్చిన సేగావారి గేమ్ గేర్ అను చేతిపెట్టెలో చిన్న కండెన్సరులు కాలక్రమమున కారి, తెర మసకబారి, శబ్దము అణగిపోయెను. నేటికిని వానిని సేకరించువారు ముందుగా చేయు పని ఆ కండెన్సరులన్నిటిని మార్చుటయే.

అన్నిటికంటె పెద్ద జబ్బు 2005 నవంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థ విడుదల చేసిన ఎక్స్‌బాక్స్ 360 అను పెట్టెకు వచ్చెను. ముందుభాగమున మూడు ఎర్రని విల్లులు వెలిగి యంత్రము ఆగిపోవుచుండెను. ఎన్ని పెట్టెలు చెడెనో గాని, 2007 జూలైలో ఆ సంస్థ హామీ కాలమును మూడు సంవత్సరములకు పెంచి, అందులకై నూరు కోట్ల డాలరులకు మించిన మొత్తమును లెక్కలో వ్రాసికొనెను. ఈలోగా ఇండ్లలో ఒక ప్రమాదకరమైన చిట్కా వ్యాపించెను. నడచుచున్న పెట్టెకు తువ్వాళ్లు చుట్టి, దాని వేడితోనే దానిని కాల్చుట! చిప్పు క్రింది టంకము కరగి మరల అతుకునని వారి ఊహ. అట్టి వేడికి ఆ టంకము కరగదు. కొన్ని పెట్టెలు ఆ తరువాత కొద్దిసేపు నడచినమాట నిజమే. కాని అది ఆరిపోవు దీపము వెలుగు. పైగా ఇంటికి నిప్పంటుకొను భయము. అసలు కారణము 2021లో ఆ సంస్థవారే వివరించిరి. మాటిమాటికి వేడెక్కి చల్లారుటచేత చిప్పులోపలనే సూక్ష్మమైన అతుకులు తెగెను. అనగా అది మా మామయ్య చూచిన నల్లబొట్టుకు పెద్దన్న వంటిది. నాడి అందని చోట జబ్బు చేసినప్పుడు, ఊహలు వైద్యముల వేషము వేసికొని బయలుదేరును. క్యాసెట్టులో ఊదుట అట్టిదే. తువ్వాలు చుట్టుట అట్టిదే.

ఇక తలుపులు మూయుటకు చట్టమును తోడు పిలిచిన కథ. ఈ అంకుచీటి చింపినచో హామీ చెల్లదని పెట్టెల వెనుక అంటించుట చాలకాలము వాడుకలో నుండెను. అమెరికాలో 1975 నాటి హామీల చట్టము అటువంటి షరతులను ఒప్పదని, 2018 ఏప్రిలులో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషను ఆరు సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపెను. వానిలో సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో మూడును గలవు. మరియొక చిక్కు: కొన్ని పెట్టెలలో పళ్లెము చదువు భాగమునకును ముఖ్యపలకకును రహస్యసంకేతముతో ముడి వేసియుందురు. ఆ భాగము పోయినప్పుడు మరియొకటి తెచ్చి పెట్టినను పెట్టె దానిని ఒప్పుకొనదు. ఆ ముడి విప్పుట కాపీహక్కు చట్టము క్రింద తప్పగును. 2021 అక్టోబరులో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయాధికారి, పళ్లెము భాగము మార్చుటకు మాత్రము ఆ ముడిని విప్పవచ్చునని మినహాయింపు ఇచ్చెను. 2023లో మినసోటా, కాలిఫోర్నియా రాష్ట్రములు మరమ్మతు హక్కు చట్టములు చేసినవి. కాని రెండును వీడియో గేము పెట్టెలను ఆ హక్కునుండి తప్పించినవి. ఆటల దొంగతనమునకు దారి యగునని ఆటపెట్టెల సంస్థలు వాదించుచు వచ్చినవి. ఆ భయము వట్టిది గాదు. ఐనను తాళముచెవి దొంగచేతికి చిక్కునేమోయని యజమానికి కూడ ఇవ్వకుండుట న్యాయమా అనునదియే ప్రశ్న. మన దేశమున 2022 డిసెంబరులో కేంద్రప్రభుత్వము మరమ్మతు హక్కునకై ఒక సమాచార వేదికను తెరచెను. వ్యవసాయ పరికరములు, మొబైలు ఫోనులు, గృహోపకరణములు, మోటారు వాహనములు అను నాలుగు రంగములను అందు చేర్చిరి.

శ్రోతలారా, ఇప్పుడు మొదటి మాటకు వచ్చెదను. ఒక ఆటపెట్టె బాగుపడినచో ఏమి, పాడైనచో ఏమి అని అడుగవచ్చును. ధర లెక్క చూచినచో కొన్నివేళల క్రొత్తది కొనుటయే మేలు. కాని బేర్ చేతికి రేడియో చిక్కకపోయినచో, లాసన్ చేతికి టెలివిజను చిక్కకపోయినచో, ఈ ఆటపెట్టె పుట్టెడిది కాదేమో. బాగుచేయుటలో లాభము ఆ పెట్టె మాత్రమే గాదు. ఆ చేయి కూడ. విప్పుటకు వీలులేని వస్తువుల నడుమ పెరిగిన బాలుడు, వస్తువులు ఎవరో దూరదేశమున చేయుదురు, మనము కొందుము, పారవేయుదుము అని మాత్రమే నేర్చుకొనును. ఇదియే నాకు భయము.

క్రిందటి వేసవిలో నా మేనకోడలు తన చేతిపెట్టెను తెచ్చి, "మావయ్యా, నేను ముట్టుకోకపోయినా బొమ్మ దానంతటదే నడుస్తోంది" అనెను. ఈ జబ్బు నేడు సర్వసాధారణము. చేతిపుల్ల క్రింద చిన్న లోహపు నాలుకలు ఒక పూతమీద రాచుకొనుచుండును. పూత అరిగినప్పుడు, పుల్ల నడుమ నున్నను ప్రక్కకు వంగినదని యంత్రము పొరబడును. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ చేతిపిడులలో ఈ జబ్బు ఎంత పేరుబడెననగా, 2020లో ఆ సంస్థ అధ్యక్షుడు షుంటారో ఫురుకావా వినియోగదారులకు క్షమాపణ చెప్పెను. రాచుకొనుట లేకుండ అయస్కాంతముతో పుల్ల స్థానమును తెలిసికొను పద్ధతి యొకటి కలదు. దానికి మూలమైన ధర్మమును 1879లోనే ఎడ్విన్ హాల్ కనిపెట్టెను. 1998 నాటి సేగావారి డ్రీమ్‌కాస్ట్ పిడిలో దానిని వాడిరి. తెలిసిన మందును అందరును వాడకపోవుట వైద్యచరిత్రలో క్రొత్త గాదు.

మేమిద్దరము చాపమీద కూర్చుంటిమి. ముందుగా పెట్టెను ఆర్పితిమి. ఒక కాగితముమీద పిడి బొమ్మ గీసి, ఏ రంధ్రములోని స్క్రూను ఆ చోటనే పెట్టుమని అమ్మాయికి చెప్పితిని. పుల్ల భాగమును మార్చునప్పుడు నా తొందరపాటువలన కాగితము వంటి పలుచని తీగపట్టీని బిగించు గొళ్లెము విరిగెను. తప్పు నాదే. అమ్మాయి నా మొగము చూచినది. కొంచెము టేపు మడచి ఆ చోట నొక్కి మూత బిగించితిమి. అది ఇంకను పనిచేయుచున్నది. ఎంతకాలము చేయునో చెప్పలేను.

ఇంటివైద్యము చేయగోరు వారికి నాలుగు మాటలు. ముందు వెలుపల చూడుడు: అడాప్టరు, తీగ, స్విచ్చి. గోడనుండి పిన్ను ఊడదీయక మూత విప్పకుడు. విద్యుత్తును మార్చు డబ్బాను, పాత పెద్ద గాజు టెలివిజనును మాత్రము తెరవకుడు. ఊడదీసిన తరువాత కూడ వాని కండెన్సరులలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచియుండును. ఉబ్బిన లిథియము బ్యాటరీని పొడువకుడు, వంచకుడు, తెలిసినవారికి అప్పగించుడు. ఎచ్చట ఆగవలెనో తెలియుట కూడ వైద్యమే. మా మామయ్య నల్లబొట్టువద్ద కడ్డీని ప్రక్కన బెట్టెను గాని, తువ్వాలు చుట్టలేదు.

ఆ దినమున అమ్మాయి స్క్రూలన్నియు తానే బిగించి, లెక్కపెట్టి, ఒకటి మిగిలినదని మరల విప్పినది. నేను చూడనిది అది. ఇక ఆ ఇంటిలో ఏ వస్తువు చెడినను అటక యెక్కుటకు ముందు ఒకసారి దాని చేతిమీదుగా పోవునని నా నమ్మకము. మీ ఇంటిలో కూడ అటకమీద ఏదో యొకటి ఉండియే యుండును. ఈ ఆదివారము దానిని క్రిందికి దింపుడు. బాగుపడకపోయినను, పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని మూత విప్పి చూపుడు.